ఎవుసంలో ఆలుమగల మాట ఎక్కడిదాకా నడుస్తుంది?



మిరుగు దగ్గరికొచ్చింది. బామ్ని నుంచి సిరోంచ దాకా ఏ కృషి కేంద్రం ముందు చూసినా పత్తి విత్తనాల ముచ్చటే. కొట్టు ముందు నిలబడ్డవాళ్లను ఒకసారి చూడండి. అందరూ మగవాళ్లే. రేపు ఆ విత్తనం పెట్టేది, కలుపు తీసేది, పత్తి ఏరేది, మిరపకాయ తెంపేది ఎక్కువగా ఆడవాళ్లు. ఏ విత్తనం కొనాలో, ఎంత ఉద్దెర పెట్టాలో తేలే చోట మాత్రం వాళ్లు కనబడరు.

ఇవాళ దీని గురించే రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపికపట్టి చదవండి. వీలైతే ఇంట్లో ఇద్దరూ కూర్చొని చదవండి.

ఈ మాట ఎత్తగానే చాలామంది అన్నలు అనే మాట ఒకటుంది: "మా ఇంట్లో ఏదైనా ఆమెను అడిగే చేస్తా." వాళ్లు అబద్ధం చెప్తున్నారని నేననను. మన ఇళ్లల్లో ఆడవాళ్లు నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. ఏ చెల్కలో కంది వేయాలి, ఎంతమంది కూలీలను పిలవాలి, వాళ్లకు పొద్దున ఏం వండాలి, మేకపిల్లను ఇప్పుడమ్మాలా దసరా దాకా ఆపాలా, అన్నిట్లో ఆమె మాట ఉంటుంది. గట్టిగానే ఉంటుంది.

కానీ ఆ మాట ఒక చోటుకొచ్చి ఆగిపోతుంది. మూడు గడపలున్నాయి. ఒకటి ఉద్దెర ఇచ్చే కొట్టు గడప. రెండు అప్పిచ్చే బ్యాంకు లేదా షావుకారి గడప. మూడు భూమి కాగితం ఉండే తలాఠీ గడప. ఈ మూడు గడపలు మగాయన ఒక్కడే దాటుతాడు. ఇంట్లో ఎంత మాట్లాడుకున్నా ఈ మూడు చోట్ల ఆమె లేకపోతే ఆమె చెప్పింది సలహా అవుతుంది గానీ నిర్ణయం కాదు. సలహా ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పాల్సిన పని లేదు. నిర్ణయంలో భాగమున్నవాళ్లకు చెప్పి తీరాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఎందుకు ఇలా అంటున్నానో వివరం.

ముందు, ఎవరికి ఏం తెలుసో చూద్దాం.

చేను దగ్గరగా చూసేది ఎవరు? మందు కొట్టేటాయన సాళ్ల మధ్య నడుచుకుంటూ పోతాడు. కలుపు తీసే ఆమె వంగి ఒక్కో మొక్క మొదలు చూస్తుంది. కాయ తెంపేటామె ఒక్కో కొమ్మను చేత్తో తిప్పుతుంది. 2021-22లో తెలంగాణ, ఆంధ్ర మిరప తోటలను నల్ల తామర పురుగు నాశనం చేసిన సంగతి మీకు తెలుసు. ఆ పురుగు ఎక్కువగా పువ్వులో దాక్కుంటుంది. పువ్వు దాకా చెయ్యి పోయేవాళ్లకే ముందు కనబడుతుంది. పత్తిలో గులాబీ పురుగు కూడా అంతే. అది పడితే పువ్వు సరిగ్గా విచ్చుకోక ముడుచుకుపోతుంది, మనం గుడ్డిపువ్వు అంటాం. 2017లో విదర్భ పత్తి చేలను ఆ పురుగు తినేసింది. అదే ఏడు యవత్మాల్ జిల్లాలో మందు కొట్టినవాళ్లు ఆ విషం సోకి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏ మందు కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, కొట్టాలా వద్దా అన్నది కొట్టువాడి మాట మీద తేలుతోంది. పువ్వు విప్పి చూసిన మనిషిని అడిగేవాళ్లు తక్కువ. ఇందులో ఆడవాళ్లకు అన్యాయం జరగడం ఒక సంగతి. తెలిసిన మనిషిని పక్కన పెట్టినందుకు చేను నష్టపోవడం ఇంకో సంగతి.

కూలీల సంగతీ అంతే. పత్తి ఏరడానికి, మిరప తెంపడానికి జట్టును కుదిర్చేది ఆడవాళ్లే. ఎవరు ఎప్పుడు దొరుకుతారు, రోజు కూలికి వస్తారా కిలో లెక్కన వస్తారా అన్నది వాళ్లకే తెలుసు. ఇప్పుడు మనకు అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు కూలీలదే. ఎన్నెకరాలు మిరప వేయాలి అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. అది అడగకుండా నాలుగెకరాలు నాటి, తెంపే వేళకు మనుషులు దొరక్క కాయ చెట్టుకే ఎండిపోతే తప్పెవరిది?

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. మన అమ్మమ్మల కాలంలో విత్తనం కొట్టులో ఉండేది కాదు, ఇంట్లో ఉండేది. జొన్న, కంది, పెసర, నువ్వు కోతకు వచ్చినప్పుడు మంచి కంకిని, మంచి కాయను ఏరి పక్కన పెట్టేది ఇంటామె. ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండలోనో గుమ్మిలోనో దాచేదీ ఆమే. వానలు పడగానే "విత్తనం తియ్యి" అని మగాయన ఆమెనే అడగాలి. ఏది ఉందో అదే వేయాలి. ఆ కాలం అంతా బంగారమని నేననడం లేదు. ఆకలి ఉండేది, దెబ్బలూ ఉండేవి. కానీ విత్తనం ఎవరి చేతిలో ఉంటే మాట వారిది అవుతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఇప్పటికీ విత్తనాలు తామే దాచుకుంటున్నారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఎకరం రెండెకరాల మెట్ట భూమి ఉన్న పేద ఆడవాళ్లు ఏ పంట వేయాలో తామే తేల్చుకుంటున్నారంటే దాని వెనక ఈ విత్తనం కుండ ఉంది.

మన దగ్గర 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కథ మారింది. హైబ్రిడ్ విత్తనం ఇంట్లో దాస్తే పనికిరాదు, ఏటేటా కొనాలి. కొనాలంటే పైసలు కావాలి. పైసలు లేకపోతే ఉద్దెర. ఉద్దెర ఇచ్చేవాడు మగాయన మొకం చూసి, ఆయన భూమి చూసి ఇస్తాడు. విత్తనంతో పాటు ఎరువు, మందు కూడా అదే ఖాతాలో రాస్తాడు. అట్లా విత్తనం ఇంట్లోంచి కొట్టుకు పోయింది. దాంతో పాటు మాట కూడా పోయింది. ఎవరూ కూర్చొని ఆలోచించి "ఇకనుంచి ఆడవాళ్లను అడగొద్దు" అని తీర్మానం చేయలేదు. విత్తనం దారిలోనే మాట నడిచిపోయింది.

రెండో గడప అప్పు. ఇక్కడే నాకు ఎక్కువ బాధ.

మన ఎవుసంలో అప్పు ఒక చోట ఉండదు. సొసైటీలోనో బ్యాంకులోనో పంట రుణం, కొట్టులో ఉద్దెర, మిరప కొనే వ్యాపారి దగ్గర ముందస్తు, బామ్మర్ది దగ్గర చేబదులు, చివరికి రెండు మూడు రూపాయల మిత్తికి ఇంకొకరి దగ్గర. మొత్తం ఎంతో మగాయన మనసులో ఉంటుంది. భార్యకు చెప్పడు. చెడ్డవాడని కాదు, ఆమె దిగులుపడుతుందని, లేదా తన ముందు చిన్నబోతానని. పంట వస్తే తీరుస్తాం, ఆమెకెందుకు అనుకుంటాడు. పంట రాకపోతే ఆ బరువు ఒక్కడే మోస్తాడు. ఆ బరువు కింద నలిగి పోయినవాళ్లు మన విదర్భలో ఎంతమందో లెక్క చెప్పనక్కరలేదు.

ఆయన పోయాక అప్పులవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. ఎవరికెంత బాకీనో, ఎంత తీర్చారో, ఏ కాగితం మీద వేలిముద్ర ఉందో ఆమెకు తెలియదు. వచ్చినవాడు ఎంత చెప్తే అంత. మహిళా కిసాన్ అధికార్ మంచ్, మకామ్ అని పిలుస్తారు, 2018లో విదర్భ, మరాఠ్వాడాల్లో ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యలు 505 మందిని కలిసి మాట్లాడింది. తాము దున్నుతున్న భూమి మీద హక్కు ఇంకా తమ పేరు మీదికి రాని వాళ్లు వాళ్లలో దాదాపు 40 శాతం. భర్త ఉన్నన్నాళ్లు ఆ చేనులో పనిచేసినవాళ్లే, ఆయన పోయాక ఆ భూమి కోసం అత్తగారింటి ముందు, కచేరి ముందు నిలబడాల్సి వచ్చింది.

అప్పు సంగతి ఇద్దరికీ తెలిస్తే ఆత్మహత్యలు ఆగిపోతాయని అంత తేలిగ్గా అనను. ధర లేకపోవడం, వాన లేకపోవడం, వరద ముంచడం ఆలుమగల చేతిలో లేవు. కానీ ఒక్కడు మోసే బరువు ఇద్దరు మోస్తే సగమవుతుంది. "ఈ ఏడు మిరప వద్దు, బాకీ తీరేదాకా వరి, కంది చాలు" అని చెప్పగలిగే మనిషి ఇంట్లో ఇంకొకరు ఉంటారు. అట్లా చెప్పాలంటే ముందు ఆ మనిషికి బాకీ ఎంతో తెలియాలి కదా!

మూడో గడప కాగితం. మన మహారాష్ట్రలో భూమి అంటే సాత్‌బారా. నమూనా 7లో భూమి ఎవరిదో ఉంటుంది, నమూనా 12లో ఏ పంట వేశారో ఉంటుంది. ఆ పంట కోసం ఎవరి నడుము వంగిందో రాసే గడి రెండిట్లోనూ లేదు. 2021 ఆగస్టు 15 నుంచి పంట వివరం మనమే ఫోన్‌లో ఇ-పీక్ పాహణీ యాప్‌లో ఎక్కిస్తున్నాం. ఆ ఫోన్ ఎవరి జేబులో ఉంటుందో మీకే తెలుసు.

దేశం లెక్క చూడండి. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఎవుసంలోనే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణనలో కమతం నడిపేవాళ్లుగా లెక్కకు వచ్చిన ఆడవాళ్లు దాదాపు 14 శాతం మాత్రమే. పంట రుణం, పీఎం కిసాన్ ఏడాదికి 6000 రూపాయలు, వరద పరిహారం, అన్నీ ఆ కాగితంలో పేరున్నవాళ్ల వైపే చూస్తాయి. పక్కన తెలంగాణలో 2018లో పెట్టిన రైతు బీమా చూడండి. పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకమే. కానీ పట్టాలో పేరు లేని భార్య చనిపోతే? జీవితమంతా అదే చేనులో పనిచేసినా ఆమె రైతు కింద లెక్కకు రాదు.

చట్టం సంగతి కూడా చాలామందికి స్పష్టంగా తెలియదు, అందుకే రాస్తున్నా. కూతురికి తండ్రి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, మహారాష్ట్రలో 1994లో పెళ్లికాని కూతుళ్లకు ఇది మొదలైంది. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతా, పెళ్లయిన కూతుళ్లకు కూడా వర్తించింది. భర్త వీలునామా రాయకుండా చనిపోతే భార్యకు పిల్లలతో సమానంగా వాటా వస్తుంది. అంటే కూతురిగా హక్కుంది, విధవగా హక్కుంది. మరి భార్యగా? భర్త బతికుండగా ఆయన భూమిలో నా భాగం నాకివ్వమని అడిగే హక్కు భార్యకు లేదు. పెళ్లయిన నాటి నుంచి ఆయన పోయేదాకా, ముప్పై నలభై ఏండ్లు, ఆమె చాకిరీ చేసే ఆ కాలమంతా కాగితం మీద ఆమె ఎవరూ కాదు. పుట్టింటి భూమిలో హక్కున్నా, అన్నదమ్ములతో చెడుతుందని చాలామంది ఆడబిడ్డలు వదులుకుంటారు. చెన్నూరు నుంచో మంథని నుంచో మన ఊళ్లకు కోడలిగా వచ్చిన ఆమె అక్కడా అడగదు, ఇక్కడా పేరుండదు. మన గోండు, కోయ సోదరుల సంగతి ఇంకా వేరు, ఎందుకంటే ఈ హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు.

ఇది మారదా అంటే, మార్చిన ముచ్చట మన రాష్ట్రంలోనే ఉంది. 1986 నవంబర్‌లో నాశిక్ జిల్లా చాందవడ్‌లో శరద్ జోషీ గారి శేత్కరీ సంఘటన ఆడవాళ్ల పెద్ద సభ పెట్టింది. ఆ తర్వాత లక్ష్మీ ముక్తి అని ఒక పని మొదలుపెట్టారు. రైతు తన భూమిలో కొంత భార్య పేరున రాయాలి. ఊళ్లో వంద ఇళ్లు అట్లా చేస్తే అది లక్ష్మీ ముక్తి ఊరు. వాళ్లు మగవాళ్లకు చెప్పిన తర్కం నాకు నచ్చుతుంది. పంటకు గిట్టుబాటు ధర ఇవ్వకుండా సర్కారు మన కష్టం దోచుకుంటోందని మనం కొట్లాడుతున్నాం కదా, మరి ఇంట్లో లక్ష్మి చేసిన కష్టానికి మనమేం ఇచ్చాం? ఆ బాకీ ముందు తీర్చుదాం అన్నారు. ఉద్యమం పేరునే 1992లో మహారాష్ట్ర సర్కారు లక్ష్మీ ముక్తి యోజన తెచ్చింది. భర్త ఒప్పుకుని అర్జీ పెడితే సాత్‌బారాలో భార్య పేరు సహ యజమానిగా ఎక్కించాలని దాని సారం. ముప్పై ఏండ్లు దాటింది. మన ఇళ్లల్లో ఎన్ని సాత్‌బారాల్లో రెండు పేర్లున్నాయో ఎవరి కాగితం వాళ్లు తీసి చూసుకోండి.

ఇంకో ఉదాహరణ మన అడవి నుంచే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పెళ్లయినవాళ్లకు ఇచ్చే అటవీ పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. మన గడ్చిరోలి జిల్లా ఈ చట్టం అమలులో దేశానికే పేరు తెచ్చింది. ధానోరా తాలూకా మెండా లేఖా ఊరు 2009లో సామూహిక అటవీ హక్కు పొందింది. మన చుట్టుపక్కల ఇళ్లల్లోనే అట్లా ఇద్దరి పేరు మీద పట్టాలున్నాయి. ఆ ఇళ్లు కూలిపోయాయా? ఆలుమగలు విడిపోయారా? పేరు ఎక్కిస్తే కాపురం చెడుతుందని భయపడే అన్నలు ఆ ఇళ్లకు పోయి అడగొచ్చు.

పరిహారం మాట ఇక్కడ తప్పక చెప్పాలి. మేడిగడ్డ బ్యారేజీకి మన సిరోంచ తాలూకా రైతుల భూములు పోయాయి. 2019లో బ్యారేజీ మొదలయ్యాక వెనక నీళ్లతో మునిగిన చేల కోసం మనవాళ్లు ఏండ్ల తరబడి తహసీల్ ముందు కూర్చున్నారు. ధర్నాకు పిలిస్తే ముందు వరసలో ఆడవాళ్లను కూర్చోబెడతాం. పైసలొస్తే మాత్రం సాత్‌బారాలో పేరున్నవాళ్ల ఖాతాలో పడతాయి. భూమి ఉన్నన్నాళ్లు ఏదో ఒక పంట, ఆమె చేతికి నాలుగు గింజలు. భూమి పైసలుగా మారిన రోజున ఆమె చేతిలో ఏమీ మిగలదు. ఆ పైసలతో ఇంకో చేను కొనాలా, ఇల్లు కట్టాలా, ట్రాక్టర్ తేవాలా అన్నది ఇద్దరి నిర్ణయం కాకపోతే, ఒక్కడి తప్పుకు ఇల్లంతా బలవుతుంది. భూమి ఒకసారి పోతే మళ్లీ రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కాగితంలో ఆమె పేరు ఎక్కితే అన్నీ అయిపోయినట్టు కాదు. దీనికి రుజువు మన బచత్ గట్లే. గట్‌లో అప్పు ఆమె పేరున వస్తుంది, సంతకం ఆమెది, వారం వారం కట్టే బాధ్యత ఆమెది. ఆ పైసలు ఎన్ని ఇళ్లల్లో ఆమె నిర్ణయం మీద ఖర్చవుతున్నాయి? చాలా చోట్ల గట్ పైసలు నేరుగా కొట్టు ఉద్దెర తీర్చడానికి పోతాయి. పేరు ఆమెది, నిర్ణయం ఆయనది, బాకీ మళ్లీ ఆమెది. సబ్సిడీ కోసం, పథకం కోసం భార్య పేరు వాడుకునే తెలివి మనకు బాగానే ఉంది. నేనడిగేది ఆ తెలివి కాదు. పేరు, లెక్క, మాట మూడూ కలిసి రావాలి. పేరుంటే రేపు ఆయన లేకపోయినా ఆమె రోడ్డున పడదు. లెక్క తెలిస్తే ఇవాళ నోరు విప్పి మాట్లాడగలదు.

"లెక్క తెలిసినా మార్కెట్ సంగతి ఆమెకేం తెలుసు?" అంటారు. ఎన్నడూ తీసుకుపోకపోతే ఎట్లా తెలుస్తుంది? వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిరప బస్తాలు పోతాయి, మనిషి పోడు, తక్‌పట్టీ ఇంటికొస్తుంది. ఆ తక్‌పట్టీలో కమీషన్ ఎంత కోశారో, హమాలీ ఎంతో, తూకంలో ఎంత పోయిందో చదువుకున్న కూతురు గట్టిగా చదివి వినిపిస్తే అమ్మకు అర్థం కాదా? గట్‌లో పది మంది లెక్క తప్పకుండా రాసే ఆమెకు ఇది బ్రహ్మవిద్యేం కాదు.

"ఇద్దరూ తేల్చాలంటే రోజూ కొట్లాటే" అని ఇంకొకరంటారు. కొట్లాట ఇప్పుడు లేదా? ఇప్పుడూ ఉంది, కాకపోతే పంట పోయాక వస్తుంది. "నేనప్పుడే చెప్పిన" అని ఆమె, "నీకేం తెలుసు" అని ఆయన. ఆ కొట్లాటేదో విత్తనం కొనక ముందు పెట్టుకుంటే ఇద్దరికీ మేలు. ఒక సంగతి ఆడవాళ్లకూ చెప్పాలి అక్కలారా. నిర్ణయంలో భాగం కావాలంటే నష్టంలోనూ భాగం ఒప్పుకోవాలి. "అదంతా ఆయనకే తెలుసు" అని చేతులు దులుపుకునే అలవాటు మనలో కూడా కొందరికి ఉంది. అప్పు సంగతి అడగండి. చెప్పకపోతే మళ్లీ అడగండి.

2012లో ఎవుసంలో ఆడవాళ్ల అధికారాన్ని కొలిచే సూచీ ఒకటి అంతర్జాతీయంగా తయారుచేశారు. పంట నిర్ణయం, వనరులు, రాబడి, నాయకత్వం, సమయం అని అయిదు అంశాలు చూస్తారు. అందులో ఒక మంచి పద్ధతి ఉంది. ఒకే ఇంట్లో మగాయనను, ఆడామెను విడివిడిగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతారు. చాలా దేశాల్లో ఇద్దరి జవాబులు కలవలేదు. ఆయన "ఇద్దరం కలిసి" అంటాడు, ఆమె "ఆయనే" అంటుంది. ఈ పరీక్షకు పరిశోధకులు మన ఊరికి రానక్కర లేదు. ఇవాళ రాత్రి మీ ఇంట్లో రెండు కాగితాలు తీసుకోండి. ఈ ఏడు ఎన్నెకరాలు ఏ పంట, మొత్తం బాకీ ఎంత, ఎవరెవరికి, పోయినేడు పంట అమ్మితే చేతికొచ్చింది ఎంత అని ఇద్దరూ విడివిడిగా రాయండి. రాయరాకపోతే పిల్లలకు చెప్పి రాయించండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు కాగితాలు కలిస్తే మీ ఇంట్లో ఆలుమగల నిర్ణయం నిజంగా ఉంది. కలవకపోతే ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత చేయాల్సినవి పెద్ద పనులేం కావు. మిరుగు ముందు ఒక పూట ఇద్దరూ కూర్చొని ఏడాది లెక్క ఒక నోటుబుక్కులో రాయాలి. అప్పు ఎంత దాటితే ఇద్దరి ఒప్పుదల లేకుండా సంతకం పెట్టొద్దో ఒక హద్దు గీసుకోవాలి. విత్తనం కొనే రోజు, పంట అమ్మే రోజు, కనీసం ఏడాదికి ఒకసారి ఆమె కూడా వెంట పోవాలి. తక్‌పట్టీ ఇంట్లో అందరికీ కనబడే చోట ఉండాలి. పరిహారం ఏదొచ్చినా ఉమ్మడి ఖాతాలో పడేట్టు చూసుకోవాలి. సాత్‌బారాలో పేరు ఎక్కించే సంగతి తలాఠీని అడగాలి. ఉమ్మడి భూమి అయితే ముందు అన్నదమ్ముల పంపకం తేలాలి, ఫేర్‌ఫార్ సరిగ్గా కావాలి. అనుమానం ఉంటే వకీలును అడగడంలో తప్పులేదు.

కౌలుకు చేసేవాళ్లు, భూమి లేని కూలీలు ఇదంతా మాకెందుకు అనుకోవద్దు. సాత్‌బారా లేకపోయినా ఉద్దెర ఉంది, అప్పు ఉంది. మొదటి రెండు గడపలు మీకూ అవే.

మహిళా రైతులకు హక్కులివ్వాలని ఎం.ఎస్. స్వామినాథన్ గారు 2012లో రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాకుండానే పోయింది. ఈ 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఆ పేరు చెప్పి సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. గడ్చిరోలి మనకు రెండొందల కిలోమీటర్ల పైన, ముంబై, ఢిల్లీ ఇంకా దూరం. అక్కడి నుంచి ఏదో వస్తుందని కూర్చుంటే ఇంకో ముప్పై ఏండ్లు పోతాయి.

చివరగా మన సంఘానికి ఒక మాట. మన సభ్యత్వ రిజిస్టరులో ఇంటికి ఒక పేరు రాస్తాం, అది మగాయన పేరు. మీటింగుకు ఆయనే వస్తాడు, చేయెత్తేదీ ఆయనే. ఆడవాళ్లు వంట దగ్గర, పూజ దగ్గర కనబడతారు. ఇంట్లో మార్చమని చెప్పే ముందు మన రిజిస్టరు మార్చుకుందాం. వచ్చే సభలో నేను ఈ తీర్మానం పెడతా: ఇంటికి రెండు పేర్లు, ఇద్దరికీ ఓటు, రైతు సమస్యల మీద మీటింగ్ పెడితే ఆలుమగలిద్దరికీ పిలుపు. అదే రోజు సాత్‌బారా అర్జీలు నింపడానికి ఒక బల్ల వేద్దాం. రాయడం వచ్చిన మన పిల్లలను ఇద్దరు ముగ్గురిని అక్కడ కూర్చోబెడదాం.

ఎవరు ఒప్పుకుంటారో, ఎవరు వద్దంటారో ఆ రోజు ముఖాముఖి మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు ఒక్కరే రాకండి. సాత్‌బారా కూడా వెంట తెచ్చుకోండి.